సిడ్నీ నుంచి కాన్‌బెర్రా ఒకరోజు టూర్: బండికి ఫుల్ మార్కులు, కథకు పాస్ మార్కులు కూడా కష్టమే

ముందు బండి సంగతి చెప్తా, బుక్ చేసుకునేవాళ్లు మొదట అడిగేది అదే కాబట్టి. పన్నెండు మంది పట్టే వ్యాను. ఏసీ పనిచేస్తుంది, మోకాళ్లు ముందు సీటుకు తగలవు. తెల్లారి ఆరున్నరకు వెంట్‌వర్త్‌విల్ స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటామన్నారు, ఆరున్నరకే వచ్చారు. రాత్రి దింపేటప్పుడు వయసైనవాళ్లను ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లి దింపారు. డ్రైవరు ఎక్కడా తొందరపడలేదు. బాత్రూం కోసం ఎవరు చెయ్యెత్తినా విసుక్కోకుండా ఆపాడు. షుగర్ ఉన్న నాలాంటివాళ్లకు ఈ ఒక్క గుణానికే సగం డబ్బులు గిట్టుబాటు.

కంపెనీ పేరు రాయడం లేదు. నడిపేది ఇద్దరు మన తెలుగు కుర్రాళ్లు. వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాలు ఈ పని పెట్టుకున్నారు. పేరు పెట్టి రాస్తే వాళ్ల పొట్ట మీద కొట్టినట్టవుతుంది. చదివితే ఎవరి గురించో వాళ్లకే తెలుస్తుంది, దిద్దుకుంటారని ఆశ.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయన టూర్ రివ్యూలో ఇంత గొడవ ఎందుకు పెట్టాడా అనుకుంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో విలేకరిగా చేసి రిటైరయ్యాను. కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి స్టాఫర్ దాకా వచ్చాను. ధర్నాలు, రాస్తారోకోలు, మంత్రుల పర్యటనలు, ఏజెన్సీలో బందోబస్తులు: నా ఉద్యోగంలో ముప్పాతిక భాగం ఇవే. సిడ్నీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. ఇంట్లో కూర్చుని టీవీ ఎంతసేపని చూస్తారు నాన్నా, కాన్‌బెర్రా చూసి రండని టికెట్లు తనే కొన్నది. మా ఆవిడ మనవడిని చూసుకోవాలని ఆగిపోయింది, నేనొక్కణ్నే ఎక్కాను.

దారి బాగుంటుంది. దాదాపు 280 కిలోమీటర్లు, మూడు గంటలు. మధ్యలో గౌల్‌బర్న్ అనే ఊళ్లో సిమెంటుతో కట్టిన బ్రహ్మాండమైన గొర్రె పొట్టేలు ఉంటుంది, దాని ముందు ఫొటోల కోసం ఆపుతారు. ఇడ్లీ, చట్నీ డబ్బాలు అక్కడే విప్పారు. చట్నీ రాత్రిదే అయినా పులవలేదు. తర్వాత జార్జ్ సరస్సు వస్తుంది. ఒక్కోసారి నీళ్లుంటాయి, ఒక్కోసారి గొర్రెలు మేస్తాయి అన్నాడు గైడు. మేం వెళ్లినప్పుడు అటు సగం, ఇటు సగం.

గైడు కుర్రాడు చురుకైనవాడు. గుంటూరు వైపు యాస, మైకులో జోకులు బాగానే పేల్చాడు. నన్ను 'అంకుల్' అని, నెల్లూరు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరుగారిని 'మేడం' అని పిలుస్తూ మర్యాదగా ఉన్నాడు. మనిషితో నాకు పేచీ లేదు. వాడికి రాసిచ్చిన స్క్రిప్టుతోనే పేచీ.

కొత్త పార్లమెంటు భవనంతో మొదలుపెట్టారు. ఇక్కడ మన గైడుకు పని లేదు, లోపల వాళ్ల సొంత గైడే తిప్పి చూపిస్తారు. ఆ అమ్మాయి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. 1988లో తెరిచిన భవనం అది. కొండను తొలిచి కట్టి, పైన మళ్లీ గడ్డి పరిచారు. ప్రతినిధుల నెత్తిన జనం నడవాలన్నది వాస్తుశిల్పి ఆలోచనట. ఆ గడ్డి వాలు మీద పిల్లలు దొర్లుతూ కిందికి జారేవాళ్లు. 2017లో భద్రత కోసం కంచె వేశాక అది పోయింది. ఇప్పుడు కప్పు మీదికి వెళ్లాలంటే లోపలికొచ్చి, స్కానర్ దాటి, లిఫ్టు ఎక్కాలి. బెల్టు విప్పి ట్రేలో పెట్టి, మళ్లీ పెట్టుకునేసరికి వెనక లైను కదిలిపోయింది. హైదరాబాదులో అసెంబ్లీ పాసు కోసం పడ్డ పాట్లు గుర్తొచ్చి, వీళ్లు నయమే అనుకున్నాను.

గుమ్మం ముందు నేల మీద పరిచిన పెద్ద మొజాయిక్‌ను తప్పక చూడండి. వాల్పిరి తెగకు చెందిన మైకేల్ నెల్సన్ జగమర గీసిన బొమ్మ ఆధారంగా దాదాపు 90 వేల గ్రానైటు ముక్కలతో చేశారు. మా బృందంలో అందరూ దాని మీద నిలబడి భవనాన్ని ఫొటో తీసుకున్నారు, కింద ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు. 1993లో ఆదివాసీ భూమి హక్కుల చట్టంపై గొడవ నడుస్తున్నప్పుడు ఆ చిత్రకారుడే వచ్చి, ప్రభుత్వ తీరు మీద నిరసనగా తన బొమ్మలోంచి ఒక రాయిని పెకిలించాడు. కెమెరాల ముందు తన సొంత పనినే గాయపరిచాడన్నమాట. ఇది మన వ్యాను స్క్రిప్టులో లేదు.

లోపల గ్రేట్ హాల్‌లో ఇరవై మీటర్ల వెడల్పున్న తివాచీ గోడకు వేలాడుతుంటుంది. ఆ హాలు పేరు చెప్పగానే నాకు గుర్తొచ్చింది 2024 అక్టోబరు 21. ఛార్లెస్ రాజు ప్రసంగం ముగించగానే ఆదివాసీ సెనేటర్ లిడియా థోర్ప్ నడిచొచ్చి, నువ్వు మా రాజువి కాదని అరిచింది ఇక్కడే. భద్రతా సిబ్బంది ఆమెను బయటికి తీసుకెళ్లారు, నెల తిరక్కుండా సెనేట్ ఆమెను అభిశంసించింది. అరుపు అన్ని దేశాల టీవీల్లో వచ్చింది. ఆమె అడిగింది ట్రీటీ. బ్రిటన్ వచ్చి స్థిరపడిన ఇతర చోట్ల, న్యూజిలాండులోనైనా, అక్కడివాళ్లతో కాగితం మీద ఒప్పందమంటూ రాసుకుంది. ఆస్ట్రేలియాలో దేశం మొత్తానికి అదీ లేదు. ఈ సంగతి ఎంతమంది విన్నారో తెలియదు. లోపలి గైడమ్మాయిని అడిగితే మొహం చిట్లించకుండా, ఆమె నిలబడ్డ వైపు చూపించి రెండు మాటల్లో చెప్పింది. ఉద్యోగం చేస్తూ అంత నిక్కచ్చిగా మాట్లాడటం తేలిక కాదు.

అక్కడి నుంచి గీత గీసినట్టు తిన్నగా కిందికి చూస్తే తెల్లటి పాత పార్లమెంటు భవనం, దాని వెనక సరస్సు, ఆవలి ఒడ్డున వార్ మెమోరియల్. పాత భవనంలో 1927 నుంచి 1988 దాకా పార్లమెంటు నడిచింది. ఇప్పుడది ప్రజాస్వామ్య మ్యూజియం. టూర్ షెడ్యూల్లో దీనికి ఇచ్చింది 'ఫొటో స్టాప్, 15 నిమిషాలు'. లోపలికి తీసుకెళ్లరు. నా గొడవ ఇక్కడే మొదలైంది.

భవనానికి ఎదురుగా పచ్చిక మీద గుడారాలున్నాయి. నలుపు, ఎరుపు, మధ్యలో పసుపు సూర్యుడున్న జెండాలు. మనిషెత్తు అక్షరాల్లో సార్వభౌమత్వం అన్న మాట ఇంగ్లిషులో నిలబెట్టి ఉంది. పొగ సన్నగా లేస్తోంది. 'అదేంటి తమ్మీ' అన్నాను, తెలిసే అడిగాను. 'అదేం లేదంకుల్, ఇక్కడి అబొరిజినల్స్ క్యాంపింగ్. అటు వెళ్లకపోవడం మంచిది' అన్నాడు. తర్వాత మైకు తీసుకుని మొత్తం వ్యానుకు జోకు చెప్పాడు: 'ఇక్కడే 2012లో లేడీ పీఎం చెప్పు పోగొట్టుకుని పరిగెత్తింది, వీళ్లంతా తరిమారు!' అందరూ నవ్వారు. ఇంకో సంగతి కూడా కలిపాడు, ఆ భవనం తలుపులు వీళ్లే తగలబెట్టారట.

రెండు వాక్యాల్లో మూడు తప్పులు. డెస్కులో ఉండి ఉంటే కాపీ వెనక్కి పంపేవాణ్ని.

నేనూ నెల్లూరు టీచరమ్మగారూ రోడ్డు దాటి వెళ్లాం. ఆమె గూడూరు వైపు యానాది పిల్లల బళ్లో చాలా ఏళ్లు చెప్పారట, 'పదండి, చూద్దాం, తినేస్తారా ఏమిటి' అన్నారు. నిప్పు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన ఎక్కణ్నుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాం. ఇండియాలో ఎక్కడ అన్నాడు. ఆదిలాబాద్ అని ఎలా చెప్పాలో తెలియక, అడవులున్న చోటు, గోండులుండే చోటు అన్నాను. తల ఊపాడు. ఫొటో తీసుకోవచ్చా అంటే, బోర్డులు తీసుకోండి, నిప్పునూ మనుషుల్నీ వద్దు అన్నాడు. అంతే. భయపెట్టిందీ లేదు, డబ్బులడిగిందీ లేదు. పక్కన బోర్డు మీద రాసింది చదవడానికే మా పావుగంట అయిపోయింది. వ్యాను హారన్ కొట్టారు.

మిగతా ప్రయాణికులకు ఆ పావుగంటలో ఎవరూ చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నా. టూర్‌వాళ్లు కావాలంటే స్క్రిప్టులో కలుపుకోవచ్చు, కాపీరైటు అడగను.

1972 జనవరి 25న ప్రధాని విలియం మెక్‌మాన్ ఒక ప్రకటన చేశాడు. ఆదివాసీలకు భూమి మీద హక్కు ఇవ్వం, దరఖాస్తు పెట్టుకుంటే యాభై ఏళ్ల లీజు చూస్తాం అని దాని సారాంశం. తాతల నాటి భూమికి కౌలుదారుగా దరఖాస్తు పెట్టుకోమనడం ఎలా ఉంటుందో పోడు పట్టాల కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లను అడగండి. మర్నాడు ఆస్ట్రేలియా డే. తెల్లవాళ్లకు పండుగ, ఆదివాసీలకు సంతాప దినం. సిడ్నీ రెడ్‌ఫర్న్ నుంచి నలుగురు కుర్రాళ్లు, మైకేల్ ఆండర్సన్, బిల్లీ క్రెయిగీ, బెర్టీ విలియమ్స్, టోనీ కూరీ, రాత్రికి రాత్రి కారులో బయల్దేరి వచ్చి పార్లమెంటు ఎదుట పచ్చికలో ఒక బీచ్ గొడుగు పాతారు. సొంత గడ్డ మీద పరాయివాళ్లుగా చూస్తున్నారు కాబట్టి మాకూ ఒక ఎంబసీ, అంటే రాయబార కార్యాలయం, ఉండాలని బోర్డు పెట్టారు. అదే ఈ టెంట్ ఎంబసీ.

తమాషా ఏంటంటే వాళ్లను వెళ్లగొట్టడానికి చట్టం లేదు. ఆ పచ్చికలో గుడారం వెయ్యకూడదని ఎక్కడా రాసి లేదు. గొడుగు గుడారమైంది, ఒకటి పదైంది. ఫిబ్రవరిలో ప్రతిపక్ష నేత గాఫ్ విట్లమ్ స్వయంగా వచ్చి కూర్చుని మాట్లాడి వెళ్లాడు. ప్రభుత్వం ఆరు నెలలు ఆలోచించి ఆర్డినెన్సు దిద్దింది. జులై 20న అది గెజిట్లో వచ్చింది, అదే రోజు పోలీసులు గుడారాలు పీకారు. 23న మళ్లీ వేస్తే మళ్లీ పీకారు, కొట్లాట పెద్దదైంది. 30న ఇంకా పెద్ద జనం వచ్చారు. సెప్టెంబరులో కోర్టు ఆ ఆర్డినెన్సు చెల్లదంది, గుడారం మళ్లీ లేచింది, చట్టం మళ్లీ దిద్దారు, మళ్లీ పీకారు. ఈ పీకుడంతా టీవీ కెమెరాల ముందు జరిగింది. పోలీసులు ఆడవాళ్లను ఈడ్చడం దేశం ఇంట్లో కూర్చుని చూసింది. ఆ డిసెంబరులో విట్లమ్ గెలిచాడు. నార్తర్న్ టెరిటరీ అనే ఉత్తర ప్రాంతంలో ఆదివాసీ భూమి హక్కుల చట్టం 1976లో వచ్చింది. ఎంబసీ పోతూ వస్తూ చివరికి 1992 నుంచి అక్కడే స్థిరపడింది.

విలేకరిగా నన్ను ఆపేసింది ఈ చోటే. 1972లో కెమెరా పోలీసుల చేతుల మీద ఉంది. నలభై ఏళ్లకు అదే పచ్చిక పక్కన కెమెరా ప్రధాని కాళ్ల మీదికి మారింది.

2012 జనవరి 26. ఎంబసీకి నలభయ్యో వార్షికోత్సవం, దేశం నలుమూలల నుంచి ఆదివాసీలు వచ్చి ఉన్నారు. అక్కడికి కూతవేటు దూరంలో, గులాబీ తోటల పక్కన, లాబీ అనే రెస్టారెంటు. అద్దాల గోడలు. ప్రధాని జూలియా గిలార్డ్, ప్రతిపక్ష నేత టోనీ అబ్బాట్ ఇద్దరూ లోపల ఉన్నారు. వరదల్లో, కార్చిచ్చుల్లో జనాన్ని కాపాడినవాళ్లకు మెడల్స్ ఇచ్చే కార్యక్రమం అది.

ఆ పొద్దున సిడ్నీలో అబ్బాట్‌ను విలేకరులు అడిగారు: టెంట్ ఎంబసీ ఇప్పటికీ అవసరమంటారా? అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, ఇక దాన్ని దాటి ముందుకెళ్లాల్సిన సమయం వచ్చిందేమో అని అతనన్నాడు. నచ్చని మాటే, వార్షికోత్సవం రోజు అనాల్సింది కాదు. కానీ గుడారాలు పీకెయ్యమని అనలేదు. ప్రధాని ఆఫీసులో ఒక మీడియా సలహాదారు ఈ మాటనూ, అబ్బాట్ ఎక్కడున్నాడో ఆ సంగతినీ ఒక కార్మిక సంఘం నాయకురాలి చెవిన వేశాడు. ఆమె ఎంబసీ దగ్గర చెప్పింది. నోరు మారేకొద్దీ చిలవలు పలవలు వచ్చి, గుడారాలు పీకెయ్యమన్నాడట, ఇక్కడే అద్దాల హోటల్లో కూర్చున్నాడట అన్న దగ్గరికి చేరింది. తిలా పాపం తలా పిడికెడు. సుమారు రెండు వందల మంది వచ్చి అద్దాల మీద చేతులతో చరుస్తూ 'సిగ్గు సిగ్గు', 'రేసిస్ట్' అని అరిచారు.

లోపల ఏం జరిగిందో వీడియోలో ఉంది. బయటికి తీసుకెళ్లక తప్పదని గార్డు చెప్పినప్పుడు గిలార్డ్ మొదట అడిగింది అబ్బాట్ సంగతేంటని. రాజకీయాల్లో ఒకరినొకరు చీల్చుకుంటున్న ఇద్దరు. ఆమె ఆ మాట అడగడం నాకు నచ్చింది. తర్వాత పోలీసులు వలయం కట్టి, గార్డు ఆమెను చంకలో ఇరికించుకున్నట్టు పట్టుకుని మెట్ల మీదుగా కారు దాకా ఈడ్చుకుపోయాడు. కాలు తడబడింది, ఒక కాలి నీలం చెప్పు ఊడింది. ఆందోళనకారులు దాన్ని ఏరుకున్నారు. ఆ రోజు ఎవరినీ అరెస్టు చెయ్యలేదు. మర్నాడు సలహాదారు ఉద్యోగం పోయింది.

గార్డును తప్పు పట్టను. తాళ్లు పట్టుకుని జనాన్ని ఆపే రోప్ పార్టీల మధ్య, పైలట్ వాహనాల వెనక ఎన్నో ఏళ్లు పరిగెత్తినవాణ్ని, వాళ్ల లెక్క నాకు తెలుసు. అద్దం పగిలితే ఏమవుతుందన్నదే వాళ్లకు ప్రశ్న, బయట అరుస్తున్నవాళ్లు ఏం అడుగుతున్నారన్నది వాళ్ల డ్యూటీలో లేదు. అది మా డ్యూటీ. ఆ ఫొటో వార్తా సంస్థ ద్వారా మా ఆఫీసుకూ వచ్చింది. ఆడ ప్రధాని, మొహంలో భయం, గార్డు భుజం, ఊడిన చెప్పు. ఏ సబ్ ఎడిటరైనా కళ్లకద్దుకుని వేసుకుంటాడు. కింద నాలుగు లైన్ల క్యాప్షన్‌లో 'ఆదివాసీ ఆందోళనకారులు' అని ఉంది. ఎందుకు ఆందోళన అన్నది లేదు. నలభయ్యో వార్షికోత్సవం అన్నదీ లేదు.

ఆ పని ఆదివాసీ నాయకుల్లోనే కొందరికి నచ్చలేదు, బహిరంగంగానే తప్పుపట్టారు. ఎంబసీవాళ్లేమో, మా మీద పోలీసులు చేసిన దాన్ని ఎవరూ చూపించలేదన్నారు. రెండు రకాల మాటలూ అప్పుడే బయట ఉన్నాయి. నిలబడ్డది మాత్రం చెప్పు ఒక్కటే. పదేళ్ల పైనే అయింది, గుంటూరు కుర్రాడు వ్యానులో మైకు పట్టుకుని తెలుగువాళ్లకు చెప్పే జోకు దాకా నడిచొచ్చింది ఆ చెప్పు.

మేమేదో గొప్పగా రాశామని కాదు. ఏజెన్సీలో ఆదివాసీ హక్కుల సంఘం తుడుందెబ్బ ధర్నా అయితే హెడ్డింగు 'ఉట్నూరులో ఉద్రిక్తత'. గేటు తోసిన ఫొటో పైన, డిమాండ్లు చివరి పేరాలో. ప్రకటన పెరిగితే కత్తెర పడేది చివరి పేరాకే. కాబట్టి పొద్దున పేపర్లో గేటు తోసినవాళ్లు మిగిలేవాళ్లు, ఎందుకు తోశారన్నది మిగిలేది కాదు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభకు బయల్దేరిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది, గూడేల లెక్క ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏటా ఆ తేదీకి స్తూపం దగ్గర 144 సెక్షన్ పెట్టేవాళ్లు. పికెట్ల దగ్గర నిలబడి 'ప్రశాంతం' అని వార్త పంపేవాళ్లం. ఎవరినీ రానివ్వకపోతే ప్రశాంతంగానే ఉంటుంది మరి. ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నాడంటే ముందు రోజు రాత్రే విద్యార్థి సంఘాల పిల్లల్ని ఠాణాలో కూర్చోబెట్టి, పర్యటన అయ్యాక టీ తాగించి పంపేవాళ్లు. ఈ లెక్కన పార్లమెంటు గుమ్మానికి ఎదురుగా, ఇన్నేళ్లుగా, ప్రధానులు మారుతున్నా పీకకుండా ఒక గుడారాన్ని ఉండనివ్వడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. అలాగని మెచ్చుకోవడానికి మనసొప్పలేదు. గుడారాన్ని ఉంచారు, అందులోవాళ్లు అడిగింది మాత్రం ఇవ్వలేదు. 2023లో పార్లమెంటుకు సలహా చెప్పే ఒక ఆదివాసీ వేదిక కోసం రెఫరెండం పెడితే దేశంలో నూటికి అరవై మంది వద్దన్నారు. అవునన్నది కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం ఒక్కటే.

తలుపుల సంగతి మిగిలింది. 2021 డిసెంబరు 30న పాత పార్లమెంటు ముఖద్వారానికి నిప్పంటుకున్న మాట నిజం. ఆ రోజు అక్కడ చేరినవాళ్లలో వ్యాక్సిన్ వ్యతిరేకులు, ప్రభుత్వమే చెల్లదనే గుంపులు చాలామంది ఉన్నారు. పాత ఎంబసీవాళ్లు తమకు సంబంధం లేదని అప్పుడే చెప్పారు. కానీ మంట వెనక ఆదివాసీ జెండా కనిపించే ఫొటో ఉంటే ఆ మాట ఎవరికి ఎక్కుతుంది? మా గైడుకు ఎక్కలేదు.

ఇదే గుమ్మం దగ్గర ఇంకా పాత కథ ఒకటుంది, లోపలికి తీసుకెళ్లి ఉంటే పిల్లలకు నచ్చేది. 1927 మే 9న ఈ భవనం ప్రారంభోత్సవానికి జిమ్మీ క్లెమెంట్స్ అనే విరాజురి తెగ పెద్దమనిషి దాదాపు 150 కిలోమీటర్లు నడిచొచ్చాడు. పాత కోటు, వెంట కుక్కలు. బట్టలు బాగాలేవని పోలీసు వెళ్లిపొమ్మన్నాడు. జనం ఊరుకోలేదు, ఉండనివ్వండి అని కేకలు వేశారు. మర్నాడు ఆయన్ను బ్రిటన్ రాజకుటుంబానికి చెందిన యార్క్ డ్యూక్ దంపతుల ముందుకు పంపారు. ఈ నేల మీద హక్కు తనదని చెప్పుకుంటున్నాడని అప్పటి పత్రిక రాసింది, వింత మనిషి వచ్చాడన్న ధోరణిలో. అదే ఏడాది ఆయన పోయాడు. అంటే ఎంబసీకి నలభై అయిదేళ్ల ముందే, అదే చోట, అదే మాట ఒకాయన ఒంటరిగా వచ్చి చెప్పి వెళ్లాడు. భద్రతవాళ్లు, జనం, విలేకరులు అప్పుడూ ఉన్నారు.

భోజనం ఇండియన్ హోటల్లో బఫే. పప్పు, బెండకాయ వేపుడు, చికెన్, పెరుగన్నం. వేపుడు అద్దిరింది, చికెన్‌లో మసాలా ఉత్తరాదిది. కారం అడిగితే పచ్చిమిరపకాయలు కోసి ఇచ్చారు. దీనికి ఫుల్ మార్కులు. వార్ మెమోరియల్‌కు ఇచ్చిన గంటన్నర చాలదు గానీ, పేర్లు చెక్కిన గోడ పగుళ్లలో ఎర్ర పూలు గుచ్చిన వరండాలో నడవడానికి సరిపోతుంది. సరస్సు దగ్గర ఆపిన అరగంట వేస్టు, గాలి తప్ప ఏం లేదు. ఆ అరగంట తీసి పాత పార్లమెంటుకు కలిపితే టూరు స్వరూపమే మారిపోతుంది.

తిరుగు దారిలో గైడు నా పక్క సీటులోకి వచ్చి కూర్చుని, 'అంకుల్, మీరు ఆ టెంట్ల దగ్గర చాలాసేపున్నారు, ఏం చెప్పారు వాళ్లు?' అన్నాడు. గౌల్‌బర్న్ దాకా చెప్పాను. స్క్రిప్టు తను రాసింది కాదని, పాత గైడు వాట్సాప్‌లో పంపిన ఆడియో అని చెప్పాడు. దాన్ని కూడా ఎవరో యూట్యూబ్ వీడియో చూసి చేశారట. వార్త ఎలా ప్రయాణిస్తుందో మళ్లీ చూసినట్టయింది. కుర్రాడిలో పట్టుదల ఉంది, వినే ఓపికా ఉంది. అందుకే కథకు సున్నా వెయ్యకుండా అయిదుకు ఒకటిన్నర వేస్తున్నా. బండికి అయిదు, భోజనానికి నాలుగు, డ్రైవరుకు అయిదు.

తల్లిదండ్రుల్ని పంపాలనుకునే పిల్లలకు: నిశ్చింతగా పంపండి, ఒంటికి శ్రమ ఉండదు. బుక్ చేసేటప్పుడే పాత పార్లమెంటు లోపలికి గంట సమయం కావాలని ఫోన్లో చెప్పండి. పన్నెండు మందిలో నలుగురు అడిగితే ఇస్తారట, కుర్రాడే చెప్పాడు. ఎంబసీ దగ్గరికి వెళ్లేవాళ్లు నిప్పునూ మనుషుల్నీ అడక్కుండా ఫొటో తియ్యకండి. చలికాలం అయితే స్వెటరు మీద ఇంకో స్వెటరు వేసుకోండి, ఆ పచ్చికలో గాలి ఎముకలు కొరుకుతుంది. ఇడ్లీలు తిన్నాక డబ్బా వాళ్లకే తిరిగి ఇవ్వాలి.